చిన్నోని అంతస్తు

దుకాణం ఉన్న మనిషి పొద్దున లేస్తే ముందర ఊడుస్తాడు, బోర్డు మీది దుమ్ము తుడుస్తాడు, గల్లాపెట్టె మీది దేవుడి పటానికి పూలదండ మారుస్తాడు. నెత్తి మీది స్లాబు మాత్రం మెడ మీద నీటిచుక్క పడేదాకా గుర్తుకు రాదు. చిట్యాలలో హైవే పొంట ఉన్న మడిగెలన్నిటి సంగతీ ఇంతే. చీపురు పట్టుకుని మా మడిగెల బంగ్ల మీదికి, అదే స్లాబు మీదికి, ఎక్కింది ఇన్నేళ్లలో నేనొక్కదాన్నే. మా మామ కూడా రోజూ ఎక్కేవాడు గానీ, ఆయన ఎక్కింది ఊడవడానికి కాదు.

మామకు మర్రిగూడ దిక్కు చెలక ఉండేది. వాన పడితే పత్తి, కంది. పడకపోతే ఏమీ లేదు. ఆ చెలక అమ్మి చిట్యాలలో రోడ్డు మీద జాగా కొన్నాడు. తెలంగాణ వచ్చిన ఏడు కట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో మా వైపు ఎవరిని కదిపినా ఇల్లు కడుతున్నామనో, కట్టబోతున్నామనో చెప్పేవారు. మాది కింద నాలుగు మడిగెలు, వాటి మీద ఒక పెద్ద గది, వెనక నుంచి మెట్లు. ఒక మడిగెలో మా ఆయన ఎరువులు, పురుగుమందులు అమ్మేవాడు. మిగతావి టిఫిన్ సెంటరు, మొబైల్ దుకాణం లాంటివాటికి కిరాయికి. పై గదిలో నేను కుట్టుమిషన్లు పెట్టుకున్నాను. ఒక్క మిషనుతో మొదలుపెట్టి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి నలుగురు ఆడవాళ్లు వచ్చి కుట్టేదాకా తెచ్చాను. బడులు తెరిచే ముందర పిల్లల డ్రెస్సులు, మాఘం వస్తే పెళ్లి జాకెట్లు. మిషన్ల చప్పుడులో మా మాటలు మాకే వినపడేవి కావు, అయినా ఎవ్వరం నోరు ఆపేవాళ్లం కాదు.

ఆ గది మీద స్లాబు పోసిన రోజు బాగా గుర్తుంది. కంకర కలిపే మిషను పొద్దున్నుంచి మోగుతోంది. మా ఆయన తమ్ముడు, మాకందరికీ చిన్నోడు, కూలివాళ్లతో సమానంగా తట్టలు అందించాడు. సాయంత్రానికి పని అయిపోయింది. పిల్లర్లలోంచి ఇనుప సలాకలు నడుమెత్తున పైకి లేచి నిలబడ్డాయి. మేస్త్రి మామను అడిగాడు.

"సలాకలు ఉంచాల్నా, కొయ్యాల్నా?"

"కోస్తరా ఎవలన్న? పైన చిన్నోనిది లేస్తది," అన్నాడు మామ.

మా దిక్కు పద్ధతి ఇది. పెద్ద కొడుక్కి ఒక అంతస్తు, చిన్న కొడుక్కి ఇంకొకటి. ఇప్పుడు చేతగాకపోతే పిల్లర్ల సలాకలు అట్లాగే వదిలేస్తారు. రేపు చేతనైన నాడు వాటికే కొత్త సలాకలు కట్టి పైకి లేపుతారు. సలాకలు కోసేసిన ఇంటిని చూసి జనం జాలిపడతారు, ఆ ఇంట్లో ఇక ఎదిగేవాడు లేడని. భువనగిరి నుంచి నల్లగొండ దాకా బస్సులో పోతూ చూడండి, మిద్దెలన్నీ గడ్డం గీసుకోని మొహాల్లా ఉంటాయి. వాటిల్లో ఎన్నిటి మీద ఆ అంతస్తు లేచిందో గానీ, లేవనివే ఎక్కువ. ఆ పొద్దు నాకూ ఇదేమీ వింతగా అనిపించలేదు. మా పుట్టింటి మీద కూడా అట్లాగే ఉండేవి.

చిన్నోడు సిమెంటు చేతులతోనే ఒక సలాక పట్టుకుని నిలబడ్డాడు. "వదినా, నా ఇల్లు గీడికెళ్లి షురూ. నీ మిషన్ల లొల్లికి నాకు నిద్ర పట్టదు, ఇప్పుడే చెప్తున్న," అన్నాడు.

"నీకొచ్చేదాని లొల్లి ముందల నా మిషన్లెంత," అన్నాను.

మామ గట్టిగా నవ్వాడు. ఆయన నవ్వితే పళ్ల మీద మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్ల పచ్చ చారలు కనిపించేవి. ఆ నవ్వు తర్వాత నేను చూడలేదు.

చిన్నోడికి పిల్లను చూస్తున్నాం. చౌటుప్పల్‌లో ఒక సంబంధం దాదాపు ఖాయమైంది. అటు నుంచే వస్తుంటే హైవే మీద వాడి బండికి లారీ తగిలింది. దవాఖానకు చేరకముందే పోయాడు. మా అత్త అప్పటికే లేదు, ఆ ఒక్క సంగతికి మాత్రం దేవుడికి దండం పెట్టుకున్నాను. మా ఆయన నేల మీద పడి పొర్లాడు. నేను గొంతు పోయేదాకా ఏడ్చాను. మామ ఏడవలేదు. వచ్చిన వాళ్లకు కుర్చీలు వేయించాడు, టెంటు వాడికి ఎక్కడ కట్టాలో చూపించాడు, అందరూ తిన్నారా అని అడిగాడు. మనిషి గట్టివాడని చుట్టాలు మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆయన్ని చూస్తే భయమేసింది.

దినాలు అయిపోయాక ఒక సాయంత్రం మామ బంగ్ల మీదికి ఎక్కుతూ కనిపించాడు. దూకుతాడేమోనని కుడుతున్న గుడ్డ అట్లాగే వదిలేసి వెంట ఉరికాను. మామ, కింది టిఫిన్ సెంటరు దగ్గర ఏరుకొచ్చిన ఖాళీ నీళ్ల సీసాలను ఒక్కో సలాకకూ టోపీ పెట్టినట్టు బోర్లిస్తున్నాడు.

"ఏం జేస్తున్నవ్ మామా?"

"వాన పడుతది బిడ్డా. సలాకలు ఖరాబైతయ్," అన్నాడు.

నేను మెట్ల దగ్గరే కూలబడ్డాను. మేమందరం చిన్నోడిని సాగనంపి వచ్చాం. మామ ఒక్కడే రాలేదు.

అప్పటి నుంచి రోజూ పొద్దుగూకే వేళ ఆయన పైకెక్కి ఆ సలాకల మధ్య కూర్చునేవాడు. తుప్పు కనిపిస్తే గీకి ఎర్ర రంగు పూసేవాడు. ఎవరైనా అడిగితే, "చిన్నోని పని జర ఆగింది," అనేవాడు. అడిగినవాళ్లు తలకాయ ఊపి వెళ్లిపోయేవారు. ఏమంటారు మరి?

తర్వాత వచ్చిన వానాకాలంలో మా మిషన్ల గదిలో ఒకామె పైకి చూసి, "అక్కా, స్లాబు ఉరుస్తాంది," అంది. మూల పిల్లరు పక్కన అరచెయ్యంత తడి. నేను పైకెక్కి చూద్దును గదా, స్లాబు మీద చెరువు. మాది పత్తి లారీలు పోయే రోడ్డు. ఆ దూది ఎగిరొచ్చి నీళ్లు పోయే పైపు మూతికి అడ్డంపడి, దుమ్ముతో కలిసి నానిన గుడ్డలా బిగుసుకుపోయింది. మొబైల్ దుకాణం వాడు పాత ఫ్లెక్సీలు తెచ్చి పడేశాడు. టిఫిన్ సెంటరు వాళ్ల పగిలిన బకెట్లు ఉన్నాయి. కేబులు వాళ్లు మేకులు దిగ్గొట్టి, తర్వాత మేకులు పీక్కుపోయి, బొక్కలు మాకు వదిలారు. నల్ల ట్యాంకు నిండి పొర్లిన చోటల్లా బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుంది. కిరాయివాళ్లను అడిగితే, "కిందిది మాది అక్కా, మీదిది మీది," అన్నారు. వాన కూడా అట్లా పంచుకుని పడితే బాగుండు.

ఆ రోజు నుంచి ఆ స్లాబు నా మెడకు పడింది. ఎండాకాలం చివర చెత్తంతా దించేదాన్ని. ఊడ్చి, కడిగి, పగుళ్లలో సిమెంటు పాలు పోసి, ఆరాక నీళ్లు దిగనియ్యని తెల్లమందు రెండు పూతలు వేసేదాన్ని. మృగశిర కార్తె లోపల పని కావాలి. వానలు మొదలయ్యాక ప్రతి మబ్బుకూ పైకెక్కి పైపు మూతిలో చెయ్యి పెట్టి దూది లాగేదాన్ని. కోతులొచ్చేవి. మామ పెట్టిన సీసాలు అవి పీకి రోడ్డు మీదికి విసిరితే, ఆయన మెల్లగా దిగిపోయి ఏరుకొచ్చి మళ్లీ పెట్టేవాడు. ఒక పక్క నేను వంగి పగుళ్లు పూడుస్తుంటే, ఇంకో పక్క ఆయన సలాకలకు రంగు పూసేవాడు. ఎవరన్నా చూస్తే మామా కోడళ్లు ఎంత శ్రద్ధగా ఇల్లు కాపాడుకుంటున్నారో అనుకునేవాళ్లు.

అన్ని పగుళ్లూ మూసినా నీళ్లు దిగుతూనే ఉన్నాయి. మేస్త్రిని పిలిపించాను. స్లాబు పోసిన మేస్త్రే. పాన్ నములుతూ తిరిగి చూసి, సలాకల మొదట్లో కాలితో తట్టాడు.

"పగుళ్లు కాదమ్మా. సలాకల పొంట దిగుతాంది నీరు. ఇవన్ని కోసి, మీద కాంక్రీటుతోని మూసెయ్యాలె. లేకుంటే నువ్వెంత మందు పూసినా దండుగ."

"మరి అప్పుడే కొయ్యకపోతివి?"

"మీ మామ ఉంచమన్నడు. నాకేంది, కొయ్యమంటే కోద్దును," అన్నాడు. చుట్టుపక్కల అన్ని మిద్దెల మీదా వాడే సలాకలు వదిలాడు, ఇప్పుడు వాటన్నిటి మీదా వాడే మందు పూస్తున్నాడు. తప్పేం లేదు, అందరూ అడిగి చేయించుకున్నవాళ్లే.

ఆ సాయంత్రం మామకు నెమ్మదిగా చెప్పి చూశాను. స్లాబు దెబ్బతింటుందని, కింద మనుషులు పనిచేస్తున్నారని, సలాకలు కోసినా కావాలంటే మళ్లీ ఏదో ఉపాయంతో కట్టుకోవచ్చని. చివరి మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆయన అంతా విని, "వాని జాగ అది. దాని జోలికి పోకు బిడ్డా," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ అందుకుందును.

మా ఆయన్ని పట్టుకున్నాను. ఆయన ఎరువుల బస్తాల మీద చెయ్యి వేసి నేల చూశాడు. "బాపును ఏమనకు. ఆయనకు మిగిలింది గంతే," అన్నాడు.

"ఆయనకు గా సలాకలు మిగిలినయ్. మీకు మీ బాపు మిగిలిండు. మరి స్లాబు కింద కూసునేటోళ్లకు ఏం మిగుల్తది?" అన్నాను. ఆయన బస్తాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇట్లాంటప్పుడు ఏదో ఒక లెక్క దొరుకుతుంది, అదొక వరం ఆయనకు.

అట్లా ఇంకొన్ని వానాకాలాలు గడిచాయి. కరోనా ఏడు మిషన్లు ఆగాయి గానీ వాన ఆగలేదు. పైకప్పు సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలడం మొదలైంది. పిల్లర్ల చుట్టూ స్లాబు ఉబ్బింది. ఒకచోట సలాకే బయటికి కనిపించింది, పొరలు పొరలుగా ఊడుతోంది. నేను మిషన్లను గది నడిమికి లాగించాను. నడిమిలో కూడా ఉరవడం మొదలైతే కిటికీ పక్కకు లాగించాను. మేం నలుగురం ఐదుగురం స్లాబు ఎటు తరిమితే అటు జరిగాం.

బడులు తెరిచే రోజుల్లోనే జరిగింది. డ్రెస్సులు కుప్పలుగా పడి ఉన్నాయి. మాలో పెద్దామె ఒకామె ఉండేది. కాజాలు, బొత్తాలు ఆమె పని. కాజా కుడితే మిషను కుట్టిందా చెయ్యి కుట్టిందా అని చూసినవాళ్లు పోట్లాడుకోవాలి. రాత్రంతా వాన పడి తెరిపిచ్చిన పొద్దు, ఆమె మిషను పక్కన కింద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. పైనుంచి పెద్ద పెచ్చు ఊడి ఆమె చేతి మీద పడింది. చప్పుడుకు అన్ని మిషన్లూ ఆగిపోయాయి. ఆమె అరవలేదు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "తలకాయ మీద పడలే, దేవుడు సల్లగున్నడు," అంది. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. దవాఖానలో కట్టు కట్టించి ఇంటి దగ్గర దింపి వచ్చాను.

తిరిగొచ్చి తిన్నగా బంగ్ల మీదికి పోయాను. మామ అక్కడే ఉన్నాడు. ఆ రోజు నేను మెల్లగా మాట్లాడలేదు.

"మామా, పోయినోని జాగ కోసం ఉన్నోళ్లను సంపుతవా?"

ఇంటి కోడలు మామతో అనే మాట కాదు అది. అన్నాను. ఈరోజుకూ వెనక్కి తీసుకోను. ఆయన నా వైపు చూశాడు, సలాకల వైపు చూశాడు, దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున మేం గది తెరిచేసరికి మామ ప్లాస్టిక్ కుర్చీ చంకన పెట్టుకుని వచ్చాడు. పెచ్చు ఊడిన చోటికి సరిగ్గా కింద వేసుకుని కూర్చున్నాడు. కాళ్ల మధ్య బకెట్ పెట్టుకున్నాడు.

"మీరు అటు జరిగి కుట్టుకోండ్రి. పడితే నా మీద పడుతది," అన్నాడు.

తమాషాకు అన్నాడనుకున్నాను. కాదు. ఆ వానాకాలమంతా మామ ఆ స్లాబు కింద కూర్చున్నాడు. పొద్దున మాతో వచ్చి, సాయంత్రం మాతో లేచేవాడు. భుజం మీద చుక్కలు పడితే కండువాతో తుడుచుకునేవాడు. బకెట్ నిండితే లేచి పారబోసి వచ్చేవాడు. సలాకలు కోయనివ్వడు, మమ్మల్ని చావనివ్వడు, మధ్యలో తనను పెట్టుకున్నాడు. మాకు మాటలు బందయ్యాయి. మొగుళ్ల మీద, అత్తల మీద చెప్పుకునే ముచ్చట్లు పెద్దమనిషి ముందర ఎట్లా చెప్పుకుంటాం? కొన్నాళ్లకు ఆయన ఊరికే కూర్చోలేక కుట్టిన డ్రెస్సులకు మిగిలిపోయిన దారపు పోగులు తుంచడం మొదలుపెట్టాడు. ఒక్కో చిన్న అంగీని ఒళ్లో పరుచుకుని, మోకాళ్ల దాకా వంగి, గోటితో తుంచేవాడు. ఆయన్ని చూస్తే కోపం వచ్చేది, ఆ కోపంలోనే టీ పోసిచ్చేదాన్ని. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియని రోజులవి.

వానలు వెనకబడ్డాక పెద్దామె మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. కట్టు విప్పారు గానీ ఎముక వంకరగా అతికింది. బొటనవేలు వంగడం లేదు. మామను చూసి, "బాగున్నవా పెద్దయ్యా?" అని పలకరించింది. మామ బాగున్నానని తలూపాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె అలవాటు చొప్పున ఒక అంగీ అందుకుంది, సూది తీసింది, దారం ఎక్కించబోయింది. దారం వేళ్ల మధ్య నిలవలేదు. మళ్లీ ప్రయత్నించింది. జారిపోయింది. ఎవరూ చూడలేదనుకుని సూదిని మెల్లగా గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. "కండ్లు మసకైనయ్," అంది. మామ ఆమె చేతినే చూస్తున్నాడు.

మర్నాడు ఆయన కుర్చీ తీసుకుని రాలేదు. నేను చాయ్ ఇస్తుంటే గ్లాసు అందుకోకుండా, "గా కోసేటోన్ని పిలువు బిడ్డా," అన్నాడు.

నేను గెలిచానని అనుకోవాలి. ఆ చాయ్ తీసుకుపోయి మళ్లీ వేడి చేసి తెచ్చాను.

దసరా పోయాక ఒక పొడి పొద్దున మేస్త్రి, కోత మిషనుతో ఇంకో మనిషి వచ్చారు. మా ఆయన దుకాణం మూసి పైకొచ్చాడు. మామ ముందే ఎక్కి సీసాలన్నీ తీసి ఒక పక్కన పెట్టాడు. సలాకలకు పసుపు, కుంకుమ పెట్టాడు. పిల్లర్లు లేపేముందు అట్లాగే పెట్టాడు, ఇప్పుడు కోసేముందు పెట్టాడు. బొట్లు పెట్టడానికి కూర్చున్నవాడు లేవబోతూ ఆసరాకు మూల సలాకను పట్టుకున్నాడు. అది ఆయన చేతిలోకి విరిగి వచ్చింది.

మామ తూలాడు. మా ఆయన పట్టుకున్నాడు. మామ ఆ సలాకను ఎత్తి చూశాడు. పైన ఎర్ర రంగు నిగనిగలాడుతోంది, కింద మొదలు మాత్రం సన్నగా, నల్లగా, తినేసినట్టు ఉంది. పక్కదాన్ని పట్టుకుని వంచాడు. అదీ విరిగింది. ఇంకోటి. కోత మిషను మనిషి వైరు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు, వాడికి పని పడలేదు. మామ విరిచినవన్నీ పిట్టగోడ పక్కన వరసగా పెట్టాడు.

"ఇన్నొద్దులు నేను దేన్ని కాపాడిన బిడ్డా?" అన్నాడు నాతో.

నాకు జవాబు తెలుసు. ఆయన చేతికంటిన తుప్పు కొంగుతో తుడిచాను.

మేస్త్రి పిల్లరు తల మీద ఉలి పెట్టి కొడితే కాంక్రీటు అటుకుల్లా రాలింది. లోపల సలాకలు ఉబ్బి పిల్లర్లనే చీల్చాయి. మా ఆయనకు తెలిసిన ఇంజినీరు నల్లగొండ నుంచి వచ్చి చూసి, పై గది ఉంచడానికి వీల్లేదన్నాడు. స్లాబూ, పిల్లర్లూ, అన్నీ దించెయ్యాలి. కింది మడిగెల దాకా తుప్పు ఇంకా దిగలేదు, అవి బతుకుతాయి. ముందే కోసి మూసుంటే పైది కూడా బతికేదని, ఎవరూ అడగకుండానే చెప్పాడు. చదువుకున్నవాళ్లు కొన్ని మాటలు మింగడం కూడా నేర్చుకుంటే బాగుండు.

మిషన్లు దించాం. ఇద్దరు తమ తమ ఇళ్లకు తీసుకుపోయారు, కుట్టిన కాడికి తెచ్చి ఇస్తామన్నారు. ఇంకొకామె బట్టల మిల్లులో చేరింది. పెద్దామె ఎటూ రాదు. నా మిషను ఎరువుల దుకాణం వెనక మూలన పెట్టుకున్నాను. కుట్టిన జాకెట్లకు పురుగుమందు వాసన పడుతోందని పెళ్లివాళ్లు రావడం తగ్గించారు. నేనూ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, నిజమే. ఇన్నేళ్లుగా కూడబెట్టుకున్న ఆడవాళ్ల సందడి అంతా కొన్ని మూటల్లో మెట్లు దిగిపోయింది. ఆ రోజు ఖాళీ గదిలో నిలబడి ఒక్కదాన్నే ఏడ్చాను. చిన్నోడి కోసం కూడా అంత ఒంటరిగా ఏడవలేదు.

పై గది కూలగొట్టడానికి సంక్రాంతి ముందర్నుంచి ఎండలు ముదిరేదాకా పట్టింది. స్లాబు దించారు, గోడలు దించారు, పిల్లర్లను కింది స్లాబు పై దాకా పగలగొట్టారు. ఇప్పుడు కింది మడిగెల స్లాబే మాకు పైకప్పు. పగలగొట్టిన పిల్లర్లలోంచి కింది సలాకలు మళ్లీ నడుమెత్తున పైకి వచ్చాయి. ఇవి గట్టివి, మెరుస్తున్నాయి. నేను చెయ్యి వేసి ఊపి చూశాను, కదల్లేదు.

మేస్త్రి మా ముగ్గురినీ చూశాడు. "మళ్ల ఎప్పుడన్న కట్టేదుంటే ఇవి ఉంచుత. లేకుంటే కోసి మూసేస్త. ఏం జెయ్యమంటరు?"

మా ఆయన నేల చూశాడు. నేను మామ వైపు చూశాను. చిన్నోడి పేరు తెస్తాడనుకున్నాను.

"ఉంచు," అన్నాడు మామ. "మా కోడలు మిషన్లు పెట్టుకోవాలె. పాపం, దాని గది నేనే తిన్న."

నేను ఆ మాటకు సిద్ధంగా లేను. కిటికీలోంచి రోడ్డు కనిపించే గది, గోడ పొంట మిషన్లు, అందరం ఒక్కసారే మాట్లాడుకోవడం, అంతా ఒక్క క్షణం కళ్లముందుకొచ్చింది. కావాలనిపించింది. ఈ జన్మకు ఇంకేమీ అక్కర్లేదన్నంతగా కావాలనిపించింది. మళ్లీ కట్టే తాహతు మాకు లేదని ముగ్గురికీ తెలుసు. అయినా ఉంచితే రేపటి నుంచి సాయంత్రాలు నేనే ఎక్కుతాను. నేనే సీసాలు బోర్లిస్తాను, ఎర్ర రంగు పూస్తాను, అడిగినవాళ్లకు పని జర ఆగిందని చెప్తాను. కింద టిఫిన్ సెంటర్లో జనం తింటుంటారు. మా ఆయన బస్తాల మధ్య కూర్చుని ఉంటాడు.

"కొయ్యి," అన్నాను.

మేస్త్రి మామ వైపు చూశాడు.

"ఆయన్ను చూస్తవేంది? కొయ్యమంటున్న గదా," అన్నాను.

కోత మిషను మొదలైంది. నిప్పురవ్వలు లేచాయి. మామ వెళ్లి పిట్టగోడకు ఆనుకుని కూర్చుని, కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఎండకేమో అనుకున్నాను. సగం సలాకలు కోశాక మిషను బిళ్ల అరిగిపోయింది, మార్చడానికి ఆపారు. అప్పుడు వినపడింది. చిన్నోడు పోయిన రోజు ఏడవని మనిషి నోరు తెరిచి ఏడుస్తున్నాడు. మా ఆయన వినలేక మెట్లు దిగిపోయాడు. నేను పోయి ఆయన పక్కన ఆ వేడి స్లాబు మీద కూర్చున్నాను. మేస్త్రి కొత్త బిళ్ల బిగించి మిగతావి కోయించాడు.